రెండోసారి మొదలుపెట్టాకే అసలు ఆట

యాక్షన్ గేమ్ మంచిదా కాదా అన్నది మొదటిసారి పూర్తిచేసినప్పుడు తేలదని నా గట్టి నమ్మకం. మొదటిసారి మనల్ని లాక్కెళ్ళేది కథ, కొత్త కొత్త చోట్లు, ముందు ఏమొస్తుందో అన్న ఆత్రం. ఇవన్నీ ఒక్కసారికి సరిపోయే సరుకు. రెండోసారి న్యూ గేమ్ నొక్కేసరికి విలన్ ఎవరో తెలుసు, ఏ తలుపు వెనకాల ఎవడు నక్కాడో తెలుసు, అయినా చేతులు ఊరుకోవట్లేదంటే ఆ గేమ్‌లో కొట్లాట బాగా కుదిరిందని అర్థం. నేను ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఆడే గేములు పట్టుమని పది ఉండవు. అన్నిట్లోనూ నాకు కనిపించేది ఒకటే, శత్రువు చేసే పనిలోంచే మనకి అవకాశం పుడుతుంది. వాడు ఊరికే దెబ్బలు తినడానికి నిలబడడు, మనమూ ఊరికే ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోం.

ముందు రెసిడెంట్ ఈవిల్ 4 గురించే చెప్పాలి. 2005 జనవరిలో నింటెండో వాళ్ళ గేమ్‌క్యూబ్ కన్సోల్‌కి వచ్చింది, క్యాప్‌కామ్ వాళ్ళది, దర్శకుడు షింజి మికామి. అమెరికా అధ్యక్షుడి కూతురు యాష్లీని ఎత్తుకుపోతే, లియాన్ కెనెడీ అనే ఏజెంట్ ఆమెను వెతుక్కుంటూ స్పెయిన్‌లో ఒక మారుమూల పల్లెకి వెళ్తాడు. కథ అంతే, రెండోసారికి దాంతో పనిలేదు. కానీ ఇందులో ఒక నియమం ఉంది, గురిపెడితే కాళ్ళు కదలవు. నడుస్తూ కాల్చడం కుదరదు. పరిగెత్తాలి, ఆగాలి, తిరగాలి, గురిపెట్టాలి, కాల్చాలి, మళ్ళీ పరిగెత్తాలి. ఈ రోజుల్లో వచ్చే గేములకి అలవాటుపడినవాళ్ళకి మొదటి అరగంట ఇదొక శిక్షలా ఉంటుంది. నిజానికి ఆ గేమ్ మొత్తం నిలబడింది ఈ ఒక్క నియమం మీదే. ఆగిన ప్రతిసారీ వెనక ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో, ఎన్ని గుళ్ళు మిగిలాయో లెక్కేసుకోవాల్సిందే.

మొదట్లోనే వచ్చే ఊళ్ళో కొట్లాట తీసుకోండి. బైనాక్యులర్‌లోంచి చూస్తే ఊరి మధ్యలో ఒక పోలీసుని కట్టేసి కాల్చేస్తుంటారు. నాలుగడుగులు ముందుకేస్తే ఊరంతా మీద పడుతుంది. కబడ్డీలో కూతకెళ్ళినవాడిని చుట్టుముట్టినట్టే చుట్టుముడతారు, ఒకడు ఎదురుగా వస్తుంటే ఇద్దరు పక్క సందులోంచి తిరిగి వెనక్కొస్తారు. మొదటిసారి ఆడేవాళ్ళలో చాలామంది ఎదురుగా ఉన్న మేడ ఇంట్లోకి దూరి తలుపు మూసేస్తారు. ఊపిరి పీల్చుకునేలోపు కిటికీలకి నిచ్చెనలు వేస్తారు, కింద రంపం చప్పుడు మొదలవుతుంది. తలకి గోనెసంచి కట్టుకుని రంపం పట్టుకొచ్చేవాడు ఒక్క వేటుతో మెడ కోసేస్తాడు, హెల్త్ నిండుగా ఉన్నా లాభం లేదు. కొంతసేపు గడిచాక చర్చి గంట మోగుతుంది, అందరూ ఆయుధాలు పడేసి ఏమీ జరగనట్టు వెళ్ళిపోతారు. ఆ గంట మోగేదాకా బతికుండడమే అక్కడ పని.

మళ్ళీ ఆడినప్పుడు ఈ ఊరు వేరేలా కనిపించడం మొదలవుతుంది. ఆ మేడ ఇంట్లో కాలు పెడితేనే రంపం వాడొస్తాడు. పెట్టకపోతే రాడు. పై అంతస్తులో గోడకి షాట్‌గన్ వేలాడుతూ ఉంటుంది, కావాలంటే ఇప్పుడే లోపలికెళ్ళి వాడితో తలపడి తీసుకోవచ్చు, లేదంటే బయటే తిరుగుతూ గంట మోగాక నింపాదిగా వెళ్ళి తీసుకోవచ్చు. నిచ్చెన వేస్తే తన్ని పడెయ్యొచ్చు. పక్కనున్న గోపురం ఎక్కి కూర్చుంటే క్షేమం అనుకుంటే, కాసేపటికి కింద నుంచి నిప్పు విసరడం మొదలుపెడతారు. ఒక్క ఊరి నడిబొడ్డు, నాలుగైదు ఇళ్ళు, కొన్ని కోళ్ళు, ఒక ఆవు. ఇంత చిన్న చోటులో ఇన్ని దారులు పెట్టిన కొట్లాట నాకు ఇంకో గేమ్‌లో కనబడలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఆ తన్ను. మొహం మీద కాలిస్తే శత్రువు తూలుతాడు, ఆ క్షణంలో దగ్గరికెళ్ళి బటన్ నొక్కితే లియాన్ గుండ్రంగా తిరిగి ఒక తన్ను తంతాడు. ఆ తన్నుకి వాడొక్కడే కాదు, చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరూ ఎగిరిపడతారు. పైగా తన్నుతున్నంతసేపూ లియాన్‌కి ఎవరి దెబ్బా తగలదు. కింద పడ్డవాళ్ళని కత్తితో పని పట్టొచ్చు, బుల్లెట్టు ఖర్చు లేదు. అంటే ఒక్క గుండుతో అయిదుగురిని పడగొట్టాలంటే వాళ్ళని దగ్గరికి రానివ్వాలి, బాగా దగ్గరికి, చుట్టూ మూగేదాకా. మొదటిసారి భయపడి దూరం పారిపోయిన మనిషే తర్వాత కావాలని గుంపు మధ్యలో ఆగుతాడు. గేమ్‌లో ఒక్క గీత కూడా మారలేదు, దాన్ని చూసే తీరు మారింది. అంతా చేయి తిరిగిందనుకునే సరికి రాత్రవుతుంది, తల పేల్చినవాడి మెడలోంచి పురుగు బయటికొచ్చి కొరడాలా విసురుతుంది. అప్పటిదాకా ప్రాణం కాపాడిన అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. ఇక తల వదిలేసి మోకాళ్ళ మీద కాల్చడం నేర్చుకోవాలి, లేదా ఆ పురుగుల్ని చంపేసే ఫ్లాష్ గ్రెనేడ్లు దాచుకోవాలి.

చాలామందికి తెలియని ఇంకో సంగతి, ఈ గేమ్ మన ఆటని గమనిస్తూ ఉంటుంది. బాగా ఆడుతుంటే శత్రువుల దూకుడు పెరుగుతుంది, వాళ్ళ దెబ్బా గట్టిగా తగులుతుంది. చచ్చి చచ్చి మొదలుపెడుతుంటే చెప్పకుండానే కాస్త మెత్తబడుతుంది. అన్నిటికంటే కష్టమైన ప్రొఫెషనల్ మోడ్‌లో ఆ కనికరం ఉండదు, మొదటి నుంచి చివరిదాకా పై స్థాయిలోనే. అందుకే ఒకసారి పూర్తిచేసి పక్కన పెట్టినవాళ్ళకి ప్రొఫెషనల్ ఆడమని చెప్తుంటాను. ఒకచోట దారి రెండుగా చీలుతుంది, ఒకవైపు రంపం పట్టుకున్న అక్కాచెల్లెళ్ళు, రెండోవైపు కొండంత రాక్షసుడు. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి. ఆట మొదట్లో ఉచ్చులో కాలు ఇరుక్కున్న కుక్కని విడిపిస్తే, తర్వాత మొదటి రాక్షసుడితో పోరాడేటప్పుడు అది పరిగెత్తుకొచ్చి వాడి దృష్టి మళ్ళిస్తుంది. ఎన్నోసారి ఆడుతున్నా ఆ కుక్కని వదిలేసి ముందుకెళ్ళబుద్ధి కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊరు, కోట ఉన్నంత బాగా చివర్లో వచ్చే ద్వీపం ఉండదు, అక్కడ శత్రువులు కూడా తుపాకులు పట్టడంతో ఆ దగ్గరి కొట్లాట రుచి తగ్గుతుంది. 2023 మార్చిలో వచ్చిన రీమేక్ చాలా మంచి గేమ్, కత్తితో రంపాన్ని కూడా అడ్డుకోవచ్చు, ఆ కత్తి అరిగిపోతుంది కాబట్టి ఆచితూచి వాడాలి. కానీ అందులో నడుస్తూ కాల్చొచ్చు, తలకి తగిలినా ప్రతిసారీ తూలుతాడన్న నమ్మకం లేదు. పాతదాంట్లో తల మీద ఒక్క గుండు అంటే ఒక మాట ఇచ్చినట్టే. నాకు రెండూ కావాలి, ఒక్కటే ఉంచుకోమంటే పాతదే ఉంచుకుంటాను.

ఈ రెసిడెంట్ ఈవిల్ 4 తయారీ మొదలుపెట్టిన తొలి రోజుల్లో హిడెకి కమియా చేతిలో ఉన్న వెర్షన్ దారి తప్పి, ఈ వరసకి మరీ స్టైల్ ఎక్కువైపోయిందని దాన్ని వేరే గేమ్‌గా మార్చేశారు. అదే 2001లో వచ్చిన డెవిల్ మే క్రై, దాంటే అనేవాడు కత్తితో, తుపాకులతో రాక్షసుల్ని వేటాడే గేమ్. అంటే నాకు ఇష్టమైన రెండు వరసలకీ మూలం ఒకటే. వాటిలో నేను ఎక్కువగా తిరిగి ఆడేది మూడో భాగం, 2005లో వచ్చింది, హిడెయాకి ఇట్సునో దర్శకత్వం. రెసిడెంట్ ఈవిల్‌లో బతికితే చాలు, ఇక్కడ బతికితే సరిపోదు, అందంగా కొట్టాలి. తెరమీద డి నుంచి మొదలై ఎస్ఎస్ఎస్ దాకా అక్షరాలు పెరుగుతుంటాయి, ఒకే దెబ్బ పదేపదే వేస్తే పెరగవు, దెబ్బ తింటే పడిపోతాయి. ఒకటే కాంబోతో నెట్టుకొద్దాం అనుకునేవాళ్ళని అది మెల్లగా సిగ్గుపడేలా చేస్తుంది.

ఇందులో మొదట నాలుగు స్టైళ్ళుంటాయి (తర్వాత ఇంకో రెండు దొరుకుతాయి), మిషన్ మొదలుపెట్టేటప్పుడు ఒకటి ఎంచుకోవాలి. ట్రిక్‌స్టర్ తప్పించుకోవడానికి, స్వోర్డ్‌మాస్టర్ కత్తికి, గన్‌స్లింగర్ తుపాకీకి. నాలుగోది రాయల్‌గార్డ్, దీని గురించే ఎంత చెప్పినా తనివి తీరదు. దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కితే దాంటేకి ఏమీ కాదు, పైగా ఆ దెబ్బలోని శక్తి లోపల పోగవుతుంది. అలా పోగేసి పోగేసి ఒక్కసారి వదిలితే బాస్ (పెద్ద శత్రువు) హెల్త్‌లో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. మొదటిసారి ఆడేటప్పుడు దీన్ని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే తల ప్రాణం తోకకొస్తుంది. శత్రువుల దెబ్బలన్నీ కొట్టినపిండి అయ్యాక పట్టుకుంటే అదే గేమ్ ఇంకో గేమ్ అయిపోతుంది. టవర్ దగ్గర కాపలా ఉండే మూడు తలల మంచు కుక్క సెర్బెరస్ మూడో మిషన్‌లో వస్తుంది, కొత్తవాళ్ళకి మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది. రాయల్‌గార్డ్ పట్టుబడ్డాక దాని ముందు నుంచి కదలకుండా, ప్రతి పంజా దెబ్బనీ ఆపుతూ, మూడు తలల కింద నిలబడి ముగించొచ్చు. తప్పించుకోవడానికి ఎదురుచూసిన దెబ్బ కోసమే ఇప్పుడు ఆత్రంగా ఎదురుచూస్తాం.

దాంటే సొంత అన్నయ్య వర్జిల్‌తో మూడుసార్లు తలపడాలి, ఏడు, పదమూడు, ఇరవై మిషన్లలో. మొదటిది వానలో, టవర్ పైన. మనం తుపాకీ పేలిస్తే కత్తి తిప్పి అడ్డుకుంటాడు, ఊరుకుంటే మాయమై పక్కన తేలతాడు. అక్కడ తెలుస్తుంది మనం ఇంతవరకూ నేర్చుకున్నది ఎంతో. ఒక విషయం కొత్తగా ఆడేవాళ్ళు తెలుసుకోవాలి, అమెరికాలో విడుదలైన వెర్షన్‌లో నార్మల్ అన్నది జపాన్ వెర్షన్‌లో హార్డ్. 2006లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో అది సరిచేశారు, వర్జిల్‌గా ఆడే అవకాశం కూడా అందులోనే వచ్చింది. 2020లో నింటెండో స్విచ్‌కి వచ్చిన దాంట్లో అయితే కొట్లాట మధ్యలోనే స్టైల్ మార్చుకోవచ్చు, మొదలుపెట్టేవాళ్ళకి స్పెషల్ ఎడిషన్, ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళకి స్విచ్‌ది. హెవెన్ ఆర్ హెల్ అని ఒక మోడ్ ఉంది, అందులో శత్రువులూ ఒక్క దెబ్బకే పోతారు, మనమూ ఒక్క దెబ్బకే పోతాం. చూడ్డానికి సరదా మోడ్‌లా ఉంటుంది కానీ ఏ మూల నుంచి ఎవడొస్తాడో గుర్తుందా లేదా అన్నదానికి అంతకంటే గట్టి పరీక్ష లేదు.

ఇక జపాన్ కత్తి పోరాటాల గేమ్ సెకీరో. 2019 మార్చిలో వచ్చింది, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, హిడెటాకా మియాజాకి. కష్టమైన గేమ్ అని పేరు పడిపోయి చాలామంది దాని జోలికి పోరు, నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే రెండోసారి ఆడటానికి దీన్ని మించింది లేదు. ఇదే కంపెనీ వేరే గేముల్లో కష్టంగా ఉంటే పక్కకెళ్ళి లెవెల్ పెంచుకుని రావొచ్చు. సెకీరోలో దాడి బలం పెరిగేది ముఖ్యంగా పెద్ద బాసుల్ని ఓడిస్తేనే, కాబట్టి చిన్నవాళ్ళని నరుక్కుంటూ తిరిగితే ఒరిగేది తక్కువ. కత్తికి కత్తి తగిలే క్షణంలో అడ్డుకోవాలి, అలా అడ్డుకున్నప్పుడల్లా ఎదుటివాడి పట్టు సడలుతుంది, పూర్తిగా సడలినప్పుడు ఒకే పోటుతో ముగుస్తుంది. హెల్త్ తగ్గినకొద్దీ ఆ పట్టు మళ్ళీ కూడగట్టుకోవడం వాడికి ఆలస్యమవుతుంది. అందుకని వెనక్కి తగ్గి మందు తాగుతూ కూర్చుంటే వాడు కుదుటపడతాడు, మీద మీదకి వెళ్తే ఉక్కిరిబిక్కిరవుతాడు.

అషినా కోట పైన గెనిచిరో అనే యోధుడితో పోరాటం ఈ గేమ్‌కి గుండెకాయ. గాల్లోకి ఎగిరి కత్తితో కిందికి మోదుతాడు, మోదిన వెంటనే ఎర్ర అక్షరం మెరుస్తుంది. అప్పుడు రెండిట్లో ఒకటి చేస్తాడు, నేరుగా పొడుస్తాడు, లేదా కాళ్ళ దగ్గర అడ్డంగా నరుకుతాడు. పొడిస్తే ముందుకు అడుగేసి కత్తిని కాలితో తొక్కాలి, నరికితే గాల్లోకి ఎగరాలి. రెండిటికీ మధ్య ఆలోచించే టైమ్ లేదు, వాడి మోచెయ్యి ఎటు వెళ్తుందో కన్ను పట్టుకోవాలి. మొదట్లో అంతా ఒక ఎర్ర మెరుపు, తర్వాత చావు. కొన్నాళ్ళకి అదే కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. చివర్లో వాడు మెరుపుని కత్తికి చుట్టి విసురుతాడు, నేల మీద ఉండి తింటే పోయాం, గాల్లో ఉండగా అందుకుని కాలు నేల తాకేలోపు కత్తి విసిరితే ఆ మెరుపు వాడికే తగులుతుంది. వాడి దగ్గరున్న అన్నిటికంటే పెద్ద దెబ్బ మనకి అన్నిటికంటే పెద్ద అవకాశం. నేను పైన చెప్పిన మాట ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఆట మొదట్లో, వెన్నెల్లో గడ్డి మైదానంలో ఈ గెనిచిరోతోనే ఒక పోరు ఉంటుంది. మొదటిసారి ఆడేవాళ్ళు దాదాపు అందరూ ఓడిపోతారు, చెయ్యి తెగిపోతుంది, కథ అలా మొదలవుతుంది. రెండోసారి అక్కడికొచ్చేసరికి గెలుస్తాం! గెలిచినా చెయ్యి తెగుతుంది, కాకపోతే సీన్ వేరేలా ఉంటుంది, పక్కనుంచి ఎవరో ఆయుధం విసిరి దృష్టి మళ్ళిస్తే ఆ సందులో నరుకుతాడు. మనం నేర్చుకున్నామని గేమ్ ఒప్పుకునే ఆ చిన్న మార్పు నాకు ఏ ట్రోఫీ కంటే ఎక్కువ. 2020 అక్టోబరులో ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్‌తో బాసులతో విడిగా మళ్ళీ తలపడే వీలు కూడా వచ్చింది, అరగంట ఖాళీ దొరికితే చాలు.

మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ ఆడటం కొత్త కాదు. టీవీకి తగిలించుకునే వీడియో గేమ్, దానికో క్యాసెట్, అందులో కాంట్రా. ఎనిమిది స్టేజీలు, చెయ్యి తిరిగినవాళ్ళకి అరగంట ఆట. 1987లో ఆర్కేడ్ మెషీన్లకి వచ్చింది, మన దగ్గరికి ఎప్పుడో తర్వాత చేరింది. చస్తే చేతిలో ఉన్న ఎస్ గన్ (ఒకేసారి చాలా గుళ్ళు చిమ్మే తుపాకీ) పోయేది, అందుకే ప్రాణం కంటే గన్ కోసం ఎక్కువ జాగ్రత్త పడేవాళ్ళం. జలపాతం స్టేజీలో ఇద్దరు ఆడుతుంటే, పైకి ముందు ఎక్కినవాడు ఆగకపోతే కిందున్నవాడు తెర అడుగున పడి చచ్చేవాడు. "ఆగరా, నేనింకా ఎక్కలేదు" అన్న అరుపు వినబడని ఇల్లు ఉండదనుకుంటా. ఆ తర్వాత నెట్ సెంటర్లలో ఐజీఐ, శత్రు స్థావరాల్లోకి ఒంటరిగా చొరబడే గేమ్, 2000లో నార్వేలోని ఇన్నర్‌లూప్ వాళ్ళు చేసింది. మిషన్ మధ్యలో సేవ్ ఉండదు. చివర్లో చస్తే మళ్ళీ మొదటి నుంచి. ఈ కాలంలో దాన్ని లోపం అంటారు, నేను మాత్రం దాన్ని పూర్తిగా తీసిపారెయ్యను. ఆ ఒక్క కారణంతోనే కెమెరాలు ఎక్కడున్నాయో, అలారం కొడితే కాపలావాళ్ళు ఏ బ్యారక్‌లోంచి వస్తారో, ఎటు నుంచి లోపలికి దూరాలో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు తయారయ్యారు.

ప్రతిసారీ ఆటనే మార్చేసే గేములు మంచివి కాదా అని అడుగుతారు. 2020లో వచ్చిన హేడిస్ లాంటివి, గదుల వరసా, దేవతలిచ్చే వరాలూ ప్రతిసారీ వేరు, చచ్చినా కథ ముందుకే నడుస్తుంది. చాలా మంచి గేమ్, ఎవరికైనా చెప్తాను. అయితే అందులో ఒక్కోసారి గెలుపు నాదో, మంచి వరం దొరకడం వల్లో తేల్చుకోవడం కష్టం. గెనిచిరో దగ్గర ఆ అనుమానం ఉండదు. వాడు నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు.

నన్ను మళ్ళీ ఆడనివ్వకుండా చేసేవి కూడా చెప్పాలి. పాత్రలు మాట్లాడుకుంటుంటే వాళ్ళ వెనక గంటల తరబడి నెమ్మదిగా నడిపించడం, దాటెయ్యడానికి వీల్లేని సీన్లు, రెండోసారి ఆడుతున్నా జంప్ బటన్ ఏదో నేర్పే పాఠాలు, అరవై గంటల మ్యాప్ మీద చల్లిన చిల్లర పనులు. ఇలాంటి గేములు ఒకసారి ఆడి సంతోషంగా మర్చిపోవచ్చు. మళ్ళీ ఆడాలనిపించే గేమ్‌కి తన నిడివి మీద అదుపు ఉంటుంది, డెవిల్ మే క్రై 3లో ఉన్నవి ఇరవై మిషన్లే, నచ్చినదాన్ని నేరుగా తెరిచి ఆడుకోవచ్చు.

ఈ మూడిట్లో ఏదైనా ఒకసారి పూర్తిచేసి ఆపేసినవాళ్ళుంటే, ఇలా మొదలుపెట్టి చూడండి. రెసిడెంట్ ఈవిల్ 4లో ఊళ్ళోకి వెళ్ళాక ఆ మేడ ఇంటి గడప తొక్కకుండా గంట మోగించండి. ప్లేస్టేషన్ 2 నుంచి వచ్చిన వెర్షన్లలో యాష్లీకి ఇనుప కవచం దొరుకుతుంది, తొడగండి, ఎత్తుకుపోదామని వచ్చినవాళ్ళు ఆ బరువుకి నడుం పట్టుకుని కూలబడతారు, ఆమెను కాపాడే టెన్షన్ పోయి కొట్లాట మీద మనసు పెట్టొచ్చు. డెవిల్ మే క్రైలో సెర్బెరస్ ముందుకి రాయల్‌గార్డ్‌తో వెళ్ళి, ఒక్క దెబ్బా కొట్టకుండా కాసేపు ఆపడం మాత్రమే సాధన చెయ్యండి. సెకీరోలో రెండో ఆట మొదలుకాగానే మనం కాపాడే కుర్రాడు కూరో ఇచ్చిన రక్షని అతనికే తిరిగి ఇచ్చెయ్యండి. ఆ తర్వాత కత్తి అడ్డుపెట్టినా సరిగ్గా ఆ క్షణంలో పెట్టకపోతే హెల్త్ తగ్గుతుంది, కాబట్టి బటన్ పట్టుకుని నిలబడే అలవాటు మొదటి పూటకే వదిలిపోతుంది. కోట పైకి చేరేసరికి మీ చెయ్యి ఎలా ఆడుతుందో చూసి నాకు చెప్పండి, ముఖ్యంగా ఆ పొడుపుకీ నరుకుడికీ తేడా ఎన్నిసార్లు పట్టుకోగలిగారో.